ఆకాశ తరంగాలు – దూరపు చెవులు

(తుంగతుర్తి నుండి బి.ఎస్సీ. విద్యార్థి)

రేడియో కాలం చెల్లిపోయిందనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. చేతిలో ఫోను, ఫోనులో ప్రపంచం ఉండగా ఇంకా ఈ గరగర శబ్దాలు ఎవరికి కావాలి అంటారు. ఐతే ఆ ఫోనులోంచే, వేల కిలోమీటర్ల దూరాన ఎవరి ఇంటి మీదనో నిలబెట్టిన ఏరియల్ పట్టుకున్న షార్ట్‌వేవ్ ప్రసారాలను మనకు నచ్చిన చోట ట్యూన్ చేసుకొని వినవచ్చునని ఎంతమందికి తెలుసు? డేటా తప్ప వేరే ఖర్చు లేకుండా, మన భౌతికశాస్త్రం పుస్తకం నాలుగు పేరాలతో సరిపెట్టిన అయనావరణాన్ని చెవులతో పరీక్షించవచ్చునని ఎంతమందికి తెలుసు?

ఈ వ్యాసంలో మూడు సంగతులు చెప్పదలిచాను. ఒకటి, షార్ట్‌వేవ్ తరంగం అంత దూరం ఎట్లా పోతుంది. రెండు, సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే దూరపు రిసీవర్ అంటే ఏమిటి, దానితో మనబోటి విద్యార్థులు ఏం నేర్చుకోవచ్చు. మూడు, ఇంత సౌకర్యం ఉన్నా అందులో మనకు దొరకనిది ఏమిటి. ఈ మూడోది చెప్పడానికే మొదటి రెండూ చెబుతున్నాను.

షార్ట్‌వేవ్ అంటే ఏమిటి?

సెకనుకు 30 లక్షల నుండి 3 కోట్ల సార్లు కంపించే విద్యుదయస్కాంత తరంగాలను, అంటే 3 నుండి 30 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్నవాటిని, షార్ట్‌వేవ్ అంటాం. 300ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. ఆ లెక్కన ఇవి 100 మీటర్ల నుండి 10 మీటర్ల దాకా ఉంటాయి. పాత రేడియోల అద్దం మీద 25 మీటర్లు, 31 మీటర్లు, 41 మీటర్లు అని గీతలు ఉండేవి. ఆ అంకెల అర్థం ఇదే.

భూమి గుండ్రంగా ఉంది, తరంగం తిన్నగా పోతుంది. మరి సముద్రం అవతలికి ఎట్లా చేరుతుంది? 1901 డిసెంబరు 12న మార్కోనీ ఇంగ్లండు నుండి పంపిన సంకేతాన్ని అట్లాంటిక్ అవతల న్యూఫౌండ్‌లాండ్‌లో విన్నానని ప్రకటించినప్పుడు శాస్త్రజ్ఞులకు ఎదురైన ప్రశ్న ఇదే. 1902లో అమెరికాలో కెనెల్లీ, ఇంగ్లండులో హెవిసైడ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఒకే జవాబు చెప్పారు: పై వాతావరణంలో విద్యుత్తును ప్రసరింపజేసే పొర ఏదో ఉండాలి, అది తరంగాన్ని తిరిగి కిందికి వంచుతున్నది అని. 1924లో ఆపిల్టన్ ఆ పొర ఉన్నదని ప్రయోగంతో రుజువు చేశాడు. అందుకు 1947లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్రా ఈ రంగానికి పునాది వేశాడు. మన తెలుగునాట వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం అయనావరణ పరిశోధనకు పేరు పొందింది. తిరుపతి దగ్గరి గాదంకిలో పై వాతావరణాన్ని పరిశీలించే పెద్ద రాడార్ ఉంది. కాబట్టి ఇది మనకు పరాయి శాస్త్రం కాదు.

సూర్యుని అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు పై గాలిలోని అణువుల నుండి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఆ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉన్న ప్రాంతమే అయనావరణం. ఇందులో మనకు ముఖ్యమైనవి రెండు పొరలు. సుమారు 60 నుండి 90 కిలోమీటర్ల ఎత్తున డి పొర. దానికి చాలా పైన, 250–300 కిలోమీటర్ల ప్రాంతాన ఎఫ్ పొర. ఎఫ్ పొర తరంగాన్ని వంచి కిందికి పంపుతుంది, కాబట్టి అది మన స్నేహితుడు. డి పొర తరంగ శక్తిని మింగుతుంది. ఐతే దానికి సూర్యుడు ఉన్నంతసేపే బలం. పొద్దుగూకితే అది ఇంచుమించు మాయమవుతుంది. ఎఫ్ పొర రాత్రంతా పలచబడుతూ అయినా నిలిచే ఉంటుంది.

డి పొర మింగడంలో ఒక లెక్క ఉంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ మింగడం దాదాపు దాని వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 5 మెగాహెర్ట్జ్ తరంగానికి డెసిబెల్స్‌లో ఎంత నష్టం జరుగుతుందో, 15 మెగాహెర్ట్జ్ తరంగానికి అందులో సుమారు తొమ్మిదో వంతే. పగలు ఎక్కువ మెగాహెర్ట్జ్, రాత్రి తక్కువ మెగాహెర్ట్జ్ అని పాత శ్రోతలు పాటించిన సూత్రం దీంట్లోంచి వచ్చిందే.

చెరువు నీళ్ళ మీద పెంకు విసిరితే అది తాకుతూ, లేస్తూ, మళ్ళీ తాకుతూ పోవడం అందరం చూసిందే. షార్ట్‌వేవ్ ప్రయాణం కూడా అట్లాంటిదే. ఆకాశాన్ని తాకి నేల మీదికి, నేలను తాకి ఆకాశం మీదికి గెంతుతుంది. ఎఫ్ పొర మీద ఒక గెంతుకు ఎక్కువలో ఎక్కువ 4,000 కిలోమీటర్లు. రెండు గెంతుల మధ్య పెంకు తాకని నీళ్ళు మిగిలినట్టే, తరంగం దిగని నేల కూడా మిగిలిపోతుంది. దగ్గరి ఊళ్ళో వినపడని స్టేషన్ దూర దేశంలో గణగణ వినపడటానికి కారణం ఇదే.

మన వైపు షార్ట్‌వేవ్

మా తుంగతుర్తి సూర్యాపేట జిల్లాలో ఉంది. మా వైపు పెద్దవాళ్ళను కదిలిస్తే రేడియో సిలోన్ పేరు ఇప్పటికీ చెబుతారు. సముద్రం అవతల కొలంబో నుండి వచ్చే తెలుగు పాటలు, వాటిని వినిపించిన మీనాక్షి పొన్నుదొరై గొంతు ఒక తరానికంతా పరిచయం. మా తాత పొలానికి పోతే చద్దిమూటతో పాటు ట్రాన్సిస్టర్ కూడా పోయేదట. ఆ పాట పొలం దాకా రావడానికి మధ్యలో ఒక తీగ గాని, టవరు గాని లేవు. ఉన్నది ఆకాశం ఒక్కటే.

హైదరాబాదులో 1930లలో మొదలైన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. తర్వాతి కాలంలో హైదరాబాదు కేంద్రానికి 4800 కిలోహెర్ట్జ్ మీద షార్ట్‌వేవ్ ప్రసారం కూడా ఉండేది. అంటే 62.5 మీటర్లు. 60 మీటర్ల బాండ్ అనే ఈ భాగాన్ని ఉష్ణమండల దేశాల కోసమే ప్రత్యేకించారు. మన దేశాల్లో ఉరుములు మెరుపులు ఎక్కువ, వాటి రొద మీడియంవేవ్‌ను బాగా చెడగొడుతుంది. పైగా ఈ పౌనఃపున్యంలో తరంగాన్ని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపినా అది తిరిగి కిందికే వస్తుంది. గొడుగు పట్టినట్టు చుట్టూ వందల కిలోమీటర్ల నేలను కమ్ముతుంది, మధ్యలో వినపడని చోటు మిగలదు. హైదరాబాదు మాట మా ఊరి దాకా రావడానికి ఇది సరిపోయే పద్ధతి.

ఇప్పుడు ఆ ప్రసారం లేదు. ఆకాశవాణి ప్రాంతీయ షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లు చాలావరకు మూతపడ్డాయి. 2020 జనవరి 31తో బి.బి.సి. హిందీ షార్ట్‌వేవ్ ప్రసారం ఆగిపోయింది. 2025 మార్చిలో వాయిస్ ఆఫ్ అమెరికా ప్రసారాలు చాలావరకు నిలిచిపోయాయి. అంతమాత్రాన షార్ట్‌వేవ్ ఖాళీ అయిందనుకోవద్దు. చైనా, రుమేనియా, న్యూజిలాండ్ వంటి దేశాల ప్రసారాలు, సముద్రం మీది విమానాల మాటలు, ఓడల సంకేతాలు, కాలాన్ని ప్రకటించే స్టేషన్లు, అమెచ్యూర్ల సంభాషణలు ఇంకా ఆ దారినే నడుస్తున్నాయి.

స్టేషన్లు తగ్గడం ఒక ఎత్తు, రొద పెరగడం మరొక ఎత్తు. ఇంట్లో షార్ట్‌వేవ్ రేడియో పెడితే ముందు వినపడేది స్టేషన్ కాదు, మన ఇంటి సామానే. చవకరకం ఎల్.ఇ.డి. బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు కరెంటును సెకనుకు వేల సార్లు తెంపి అతుకుతూ పనిచేస్తాయి. తెంపినప్పుడల్లా షార్ట్‌వేవ్ అంతటా బురద చల్లినట్టు శబ్దం చల్లుతాయి. ఇది నేనే పరీక్షించాను. అదే రేడియోను ఇంట్లోంచి తీసి, ట్రాన్స్‌ఫార్మర్‌కూ మోటార్లకూ దూరంగా పొలం గట్టు మీద పెడితే, ఇంట్లో జాడ లేని స్టేషన్లు తేటగా వచ్చాయి. ఊళ్ళో కరెంటు పోయిన రాత్రి ఇంట్లో కూడా వచ్చాయి. తరంగం మా ఊరి మీదికి ఇప్పటికీ వస్తూనే ఉంది. మా రొదలో మునిగిపోతున్నది, అంతే.

సాఫ్ట్‌వేర్ రేడియో

పాత రేడియో 1918లో ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన సూపర్‌హెటెరొడైన్ పద్ధతిలో పనిచేస్తుంది. ఏరియల్ మీదికి వచ్చే వందల సంకేతాల నుండి ఒక్కదాన్ని తీగచుట్టలు, కండెన్సర్లు కలిసి ఏరుతాయి. మర తిప్పితే మరొకటి వస్తుంది. ఒక రేడియో, ఒక స్టేషన్, ఒక శ్రోత.

సాఫ్ట్‌వేర్ రేడియోలో ఏరే పని తీగచుట్టలది కాదు, లెక్కలది. ఏరియల్ నుండి వచ్చే వోల్టేజిని యథాతథంగా, అన్ని స్టేషన్లూ కలగలిసి ఉండగానే, సెకనుకు కోట్ల సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. ఎన్నిసార్లు కొలవాలి? మనకు కావలసిన గరిష్ఠ పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ సార్లు కొలవాలని నైక్విస్ట్ సూత్రం. షార్ట్‌వేవ్ 30 మెగాహెర్ట్జ్ దాకా ఉంది కాబట్టి సెకనుకు 6 కోట్లకు పైగా కొలతలు కావాలి. కివి ఎస్.డి.ఆర్. అనే చిన్న రిసీవర్ సెకనుకు 6 కోట్ల 60 లక్షలకు పైగా కొలతలు తీస్తుంది. ఒక్కొక్క కొలత 14 బిట్లు, అంటే 16,384 మెట్లలో ఏదో ఒక మెట్టు.

ఒకసారి అంకెలైన తర్వాత మిగతాదంతా గణితమే. కావలసిన పౌనఃపున్యపు సైన్, కొసైన్ విలువలతో ఆ అంకెలను గుణిస్తే ఆ స్టేషన్ సున్నా పౌనఃపున్యం దగ్గరికి జరుగుతుంది. చుట్టుపక్కల వాటిని వడపోసే ఫార్ములా ఒకటి నడిపితే అది ఒక్కటే మిగులుతుంది. మొదటి సంవత్సరంలో సైన్‌ను కొసైన్‌తో గుణిస్తే మొత్తము, భేదమూ వస్తాయని సూత్రం బట్టీ పట్టాం గదా! ఆ సూత్రమే ఇక్కడ రేడియో మర.

ఇందులో ఒక సౌలభ్యం ఉంది. అంకెలను ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. ఒకే ఏరియల్ అంకెలతో ఒకరు 5 మెగాహెర్ట్జ్, ఇంకొకరు 15 మెగాహెర్ట్జ్ ఒకే క్షణంలో వినవచ్చు. ఒకరు తిప్పితే రెండోవాడికి చెడిపోదు. ఇక ఆ శబ్దాన్ని ఇంటర్నెట్ మీద పంపితే శ్రోత ఏ దేశంలో ఉన్నా ఒకటే.

ఈ ఆలోచనను మొదట గట్టిగా అమలు చేసింది నెదర్లాండ్స్ దేశంలోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో పీటర్-చెర్క్ ద బూర్. ద్వింగెలో అనే చోట ఉన్న 25 మీటర్ల పాత రేడియో టెలిస్కోపును పెద్ద ఏరియల్ లేని అమెచ్యూర్లు కూడా వినగలిగేట్టు చేయాలన్న యోచన నుండి వెబ్ ఎస్.డి.ఆర్. పుట్టింది. 2008లో షార్ట్‌వేవ్ రిసీవర్ ప్రజలకు తెరిచారు. సుమారు 29 మెగాహెర్ట్జ్ దాకా పనిచేసే ఆ రిసీవర్‌ను ఒకేసారి వందల మంది వింటారు. అది ఉన్నది ఏ ప్రభుత్వ ప్రయోగశాలలోనో కాదు, ఆ విశ్వవిద్యాలయపు అమెచ్యూర్ రేడియో క్లబ్బులో. ఈ మాట గుర్తుంచుకోండి, చివర దీనితో పని ఉంది. ఇంకో విచిత్రం ఏమిటంటే అదే దేశపు అంతర్జాతీయ రేడియో 2012 జూన్‌లో తన షార్ట్‌వేవ్ ప్రసారాలు ఆపేసింది. మాట్లాడటం మానిన దేశం, ప్రపంచానికి చెవిగా నిలిచింది.

ఎట్లా వినాలి?

వెబ్ ఎస్.డి.ఆర్. గాని కివి ఎస్.డి.ఆర్. గాని తెరిస్తే ప్రపంచపటం మీద రిసీవర్ల జాబితా వస్తుంది. ఒకటి ఎంచుకుంటే తెర మీద జారే రంగుల పట్టీ కనిపిస్తుంది. దాన్ని వాటర్‌ఫాల్ అంటారు. అడ్డంగా పౌనఃపున్యం, నిలువుగా కాలం, రంగు ముదిరితే సంకేతం బలం. స్థిరంగా నిలువు గీత కనిపిస్తే అక్కడ స్టేషన్ ఉందన్నమాట. గీతకు రెండు పక్కలా అద్దంలో బొమ్మలాగా సమానంగా నీడలుంటే అది మామూలు ఎ.ఎం. ప్రసారం. నడిమి గీత లేకుండా ఒకపక్కే నీడ ఉంటే అది సింగిల్ సైడ్‌బాండ్, అమెచ్యూర్లూ విమానాలూ వాడేది. మెరుపు మెరిస్తే పట్టీ మీద అడ్డంగా చార పడుతుంది.

కావలసిన కిలోహెర్ట్జ్ అంకె కొట్టి, ఎ.ఎం. గాని యు.ఎస్.బి., ఎల్.ఎస్.బి. గాని ఎంచుకోవాలి. పక్క స్టేషన్ గోల చేస్తుంటే వడపోత వెడల్పు తగ్గించాలి. షార్ట్‌వేవ్‌లో అన్ని వేళలనూ విశ్వ సమయంలోనే రాస్తారు. మన గడియారం నుండి అయిదున్నర గంటలు తీసేస్తే అది వస్తుంది.

ఒక మర్యాద కూడా చెప్పాలి. కివి రిసీవర్లలో చాలావాటికి నాలుగు సీట్లే ఉంటాయి. దానికి కరెంటు, ఇంటర్నెట్ ఖర్చు ఎవరో మనిషి తన జేబులోంచి పెట్టుకుంటున్నాడు. ఊరుమ్మడి బాయికాడ నీళ్ళు చేదుకున్నాక చేద పక్కవాళ్ళకు ఇచ్చినట్టు, పని అయిపోగానే పేజీ మూసి సీటు వదలాలి.

ఒక ప్రయోగం

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్ నుండి డబ్ల్యూ.డబ్ల్యూ.వి. అనే స్టేషన్ రాత్రింబగళ్ళు కాలాన్ని ప్రకటిస్తుంది. సెకనుకొక టిక్కు, నిమిషానికొకసారి మగగొంతుతో వేళ. 5, 10, 15 మెగాహెర్ట్జ్ మూడింటి మీదా ఒకే చోటి నుండి, ఒకే 10 కిలోవాట్ల శక్తితో పంపుతారు. ప్రయోగానికి ఇంతకన్నా ఏం కావాలి? పంపే చోటు మారదు, శక్తి మారదు, మనం ఎంచుకున్న రిసీవర్ మారదు. మారేవి రెండే: పౌనఃపున్యం, సూర్యుడు.

అమెరికా తూర్పు తీరాన ఉన్న ఒక రిసీవర్‌ను ఎంచుకోండి. మనకు పొద్దున 11 గంటలైతే అక్కడ అర్ధరాత్రి దాటుతుంది. మనకు రాత్రి 11 గంటలైతే అక్కడ మిట్టమధ్యాహ్నం. అంటే క్లాసుల మధ్య విరామంలో ఒకసారి, పడుకునే ముందు ఒకసారి పది నిమిషాల చొప్పున వింటే, ఒక పూర్తి పగలూ ఒక పూర్తి రాత్రీ పరీక్షించినట్టే.

ఫలితాన్ని "బాగుంది, బాగలేదు" అని రాస్తే చాలదు. పాత శ్రోతలు వాడే సిన్‌పో పద్ధతిలో రాయాలి. సంకేత బలం, ఇతర స్టేషన్ల ఆటంకం, రొద, ప్రసరణలో హెచ్చుతగ్గులు, మొత్తం మీద నాణ్యత – ఈ అయిదింటికి ఒక్కొక్కదానికి 1 నుండి 5 దాకా మార్కులు. అన్నీ బాగుంటే 55555.

నేను చలికాలంలో కొన్ని వారాలు ఇట్లా నోటు పుస్తకంలో రాశాను. వాళ్ళ రాత్రి 5 మెగాహెర్ట్జ్ చాలా రోజులు గట్టిగా ఉండి, 15 మెగాహెర్ట్జ్ బలహీనంగా గాని, అసలు లేకుండా గాని ఉండేది. వాళ్ళ పగలు సరిగ్గా తిరగబడేది. 15 గణగణమనేది, 5 అడుగున పడిపోయేది. రాత్రి డి పొర లేదు కాబట్టి 5కు అడ్డు లేదు. పగలు డి పొర 5ను మింగుతుంది, 15ను ఇంచుమించు వదిలేస్తుంది. రాత్రి ఎఫ్ పొర పలచబడి 15ను వంచలేక అంతరిక్షంలోకి వదులుతుంది. పుస్తకంలో నాలుగు పేరాలు, నోటు పుస్తకంలో రెండు వరుసలు, రెండూ ఒకే మాట చెప్పాయి. ఆ సంతోషం పరీక్షలో మార్కులు వచ్చిన సంతోషం లాంటిది కాదు.

ఒక హెచ్చరిక. హవాయి ద్వీపం నుండి ఇదే పౌనఃపున్యాల మీద డబ్ల్యూ.డబ్ల్యూ.వి.హెచ్. కూడా ప్రసారం చేస్తుంది. అక్కడ వేళ చెప్పేది ఆడగొంతు. ఏ గొంతు వింటున్నామో రాసుకోకపోతే లెక్క తప్పుతుంది.

ఇంకొకటి గమనించండి. స్టేషన్ చెప్పే నిమిషం మన ఫోను గడియారం కన్నా ఒకటి రెండు సెకన్లు వెనకగా వినపడుతుంది. ఇది ఆకాశం చేసిన ఆలస్యం కాదు. రేడియో తరంగం మిల్లీసెకనుకు 300 కిలోమీటర్లు పోతుంది. నెదర్లాండ్స్ నుండి తుంగతుర్తికి సుమారు 7,300 కిలోమీటర్లు, సూటి దారిన 24 మిల్లీసెకన్లు. మిగతా ఆలస్యమంతా శబ్దాన్ని పొట్లాలు కట్టి, దారిలో నిలబెట్టి, మళ్ళీ విప్పే ఇంటర్నెట్‌ది.

ఆ 300 కిలోమీటర్ల లెక్కతో ఇంకా పెద్ద పని చేస్తున్నారు. కివి రిసీవర్లలో జి.పి.ఎస్. గడియారం ఉంటుంది. ఒకే సంకేతం మూడు చోట్ల ఏ క్షణాన చేరిందో పోల్చితే, ఆ తేడాల నుండి ట్రాన్స్‌మిటర్ ఎక్కడ ఉందో పటం మీద గుర్తించవచ్చు. రెండేసి రిసీవర్లకు ఒక్కొక్క హైపర్బోలా వస్తుంది, అవి ఖండించుకున్న చోట ట్రాన్స్‌మిటర్. ఇంటర్‌లో హైపర్బోలా ఎందుకు పనికొస్తుందని మనం అడిగిన ప్రశ్నకు ఇది జవాబు.

ఆ ఆకాశం ఎవరిది?

ఇప్పుడు మూడో సంగతికి వస్తాను. దూరపు రిసీవర్‌తో మనం వినేది వాళ్ళ ఏరియల్ మీద దిగిన తరంగం. వాళ్ళ డి పొర, వాళ్ళ పొద్దు, వాళ్ళ రొద. పక్క మండలంలో వాన కొలిస్తే మా చేలో ఎంత తడి ఉందో తెలియదు. అట్లాగే నెదర్లాండ్స్‌లో ఒక స్టేషన్ 55555గా వినపడితే అది తుంగతుర్తి మీద ఎట్లా దిగుతున్నదో దాంట్లో తెలియదు. 7,300 కిలోమీటర్లంటే కనీసం రెండు గెంతులు. ఆ రెండు గెంతుల మధ్య ఎన్ని మార్పులైనా జరగవచ్చు.

పైగా మన ఆకాశం వాళ్ళ ఆకాశం వంటిది కాదు. భూ అయస్కాంత మధ్యరేఖ మన దక్షిణ భారతం కొస మీదుగా పోతుంది. 1963 నవంబరు 21న తొలి రాకెట్టును తిరువనంతపురం దగ్గరి తుంబా నుండి ఎగరేయడానికి ఆ చోటును ఎంచుకున్నది అందుకే. ఈ రేఖకు దగ్గరి ప్రాంతాల్లో ఎఫ్ పొర పొద్దుగూకాక కలతపడుతుంది, సంకేతాలు వణుకుతాయి. ఐరోపాలో వంద రిసీవర్లు పెట్టినా ఈ వణుకు వాటికి తెలియదు. రిసీవర్ల పటం తెరిచి చూస్తే ఐరోపా, ఉత్తర అమెరికాల మీద చుక్కలు గుంపులు గుంపులుగా ఉంటాయి. మన వైపు చుక్కలు బహు పలచన. ఆకాశం మన మీద కూడా అంతే ఉంది. చెవులే లేవు.

ఇంకో బలహీనత కూడా ఉంది. దూరపు రిసీవర్‌కు ఇంటర్నెట్ కావాలి. టవరు పడిపోతే, తీగ తెగితే దూరపు చెవి మూసుకుపోతుంది. షార్ట్‌వేవ్ అవసరం పడేది సరిగ్గా అప్పుడే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో భారతీ ప్రసాద్ గారు ఉన్నారు. 1983లో హైదరాబాదులో స్థాపించిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున ఆమె అక్కడికి వెళ్ళారు. మామూలు సంబంధాలు తెగిపోయిన ఆ దీవుల నుండి బయటి ప్రపంచానికి వార్తలు అందించడంలో ఆ అమెచ్యూర్ కేంద్రం పనిచేసింది. ఆ రోజున అక్కరకు వచ్చినవి సొంత ఏరియల్, సొంత సెట్టు, సొంత నైపుణ్యం. వెబ్ పేజీ మీద విని విద్య నేర్చుకోవచ్చు గాని, దాని మీదే ఆధారపడి బతకలేం.

మనం చేయదగినది

అందుకే మన కళాశాల విద్యార్థి సంఘం ముందు ఒక సూచన పెడుతున్నాను. ఒక రిసీవర్ మనం కూడా నిలబెడదాం. దీనికి కావలసింది పెద్ద ప్రయోగశాల కాదు. అరచేతిలో పట్టే రిసీవర్, దాన్ని నడిపే చిన్న కంప్యూటర్, కొన్ని మీటర్ల తీగతో గాని లూప్‌తో గాని ఏరియల్, నిలకడైన ఇంటర్నెట్, పిడుగు నుండి రక్షణకు మంచి ఎర్తింగు. తెచ్చుకునే ముందు నిబంధనలు ఏమున్నాయో తెలుసుకొని, భౌతికశాస్త్ర శాఖ అధ్యాపకుల పర్యవేక్షణలో పెట్టాలి. వినడం వరకే మన పని. ప్రసారం చేయాలంటే అమెచ్యూర్ ఆపరేటర్ పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. ఆ ఉత్సాహం ఉన్నవాళ్ళకు అదీ ఒక దారి.

కళాశాల భవనం మీద పెడితే ట్యూబులైట్లు, కంప్యూటర్లు, లిఫ్టుల రొద తప్పదు. ఇక్కడే పల్లెటూరి విద్యార్థికి ఒక అనుకూలం ఉంది. పట్నంలో లక్షలు పోసినా దొరకని సరుకు మా పొలాల్లో ఊరికే ఉంది. అది నిశ్శబ్దం. మోటార్లకూ కరెంటు లైన్లకూ దూరంగా ఒక గట్టు, అక్కడికి బ్యాటరీతో సోలార్ పలక – ఐతే ఆ పలకతో పెట్టే కంట్రోలరు రొద చేయనిదై ఉండాలి. మనలో చాలామందిమి వ్యవసాయ కుటుంబాల నుండి వచ్చినవాళ్ళమే. మన చేలు ఇంత శాస్త్రానికి పనికొస్తాయని మనకే తెలియదు.

రిసీవర్ వచ్చేదాకా కూడా ఊరకే కూర్చోనవసరం లేదు. నలుగురు విద్యార్థులు కలిసి సంవత్సరం పొడవునా, రోజుకు రెండుసార్లు, ఒకే స్టేషన్‌ను ఒకే రిసీవర్ మీద విని సిన్‌పో అంకెలు రాస్తే చాలు. సూర్యుని మీద మచ్చలు సుమారు 11 సంవత్సరాలకొకసారి పెరిగి తరుగుతాయి. 2019 చివర మొదలైన ప్రస్తుత చక్రం 2024 ప్రాంతంలో గరిష్ఠానికి చేరింది, ఇక తరుగుతుంది. మచ్చలు తగ్గేకొద్దీ 15 మెగాహెర్ట్జ్ ఎట్లా బలహీనపడుతుందో మన జూనియర్లు మన పుస్తకం ముందు పెట్టుకొని చూడగలుగుతారు. ఒక్కరి మూడేళ్ళ చదువులో తేలని సంగతి, కళాశాల కొనసాగించే పుస్తకంలో తేలుతుంది.

ట్వెంటేలో ఆ రిసీవర్‌కు చోటిచ్చింది ఒక క్లబ్బు అని ముందే చెప్పాను. వాళ్ళ ఏరియల్ మన పాఠానికి పనికొచ్చింది. మన ఏరియల్ కూడా ఎక్కడో, ఏ దేశంలోనో, భౌతికశాస్త్రం చదివే మరో రైతుబిడ్డకు పనికి రావద్దా? ఇన్నాళ్ళూ ఇతరుల చేదతో నీళ్ళు తోడుకున్నాం. మన బాయికి కూడా ఒక చేద కట్టాల్సిన సమయం వచ్చింది. ఆసక్తి ఉన్న మిత్రులు భౌతికశాస్త్ర ప్రయోగశాల దగ్గర కలుసుకుంటే, నోటు పుస్తకంలో మొదటి పేజీ మనమే రాద్దాం.